పాఠం చెప్పే మనిషికీ షుగరుంటుంది

విజయవాడ నగరపాలక సంస్థ కమిషనర్ గారికి,

2025 జూన్ 21న విశాఖ తీరంలో యోగా దినోత్సవ కార్యక్రమం యోగాంధ్ర జరిగింది. అంతకుముందు నెల రోజులు ఊరూరా శిక్షకులు ఆసనాలు నేర్పారు. షుగరు తగ్గించుకోవాలని పార్కులకు వచ్చేవారి గురించి అందరూ మాట్లాడతారు. ముందు నిలబడి నేర్పే మనిషికే షుగరుంటే?

ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ మాత్ర గానీ వాడే శిక్షకులకు క్లాసు మధ్యలో షుగరు పడిపోవచ్చు. చెమట, గుండెదడ, వణుకు దాని గుర్తులు. కసరత్తులోనూ చెమట పడుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది. అందుకే పోల్చుకోవడం కష్టం. పైగా పదిమంది ముందు ఆపాలంటే మొహమాటం. రక్తంలో గ్లూకోజు డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే ఆగాల్సిందే. 15 గ్రాముల గ్లూకోజు తీసుకుని, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. చాక్లెట్ వద్దు, అందులోని కొవ్వు చక్కెర రక్తంలో కలవడాన్ని ఆలస్యం చేస్తుంది.

పాకిస్తాన్ క్రికెటర్ వసీం అక్రమ్‌కు 1997లో మధుమేహం బయటపడింది. ఆ తర్వాతా ఏళ్ల తరబడి బౌలింగ్ చేశాడు. అందుకే షుగరున్న శిక్షకులను తప్పించమని కాదు ఈ విన్నపం.

బెజవాడ ఎండకు ఇన్సులిన్ పాడవుతుంది. నగరపాలక పార్కుల్లో, ఇందిరాగాంధీ స్టేడియంలో గ్లూకోమీటర్, గ్లూకోజు పొడి, ఇన్సులిన్ దాచుకునే చల్లని పెట్టె ఉంచండి. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలని అక్కడి వాచ్‌మన్లకు నేర్పించండి.