కన్నీళ్లను మరచిపోని సుఖాంతం



ఈసారి రాసే సంగతి మనలో పెద్దవాళ్లకు కొంచెం కొత్తగా ఉంటుంది. మన కుర్రాళ్లు ఆడే కథల ఆటల గురించి రాస్తున్నాను. ఫోన్లో కార్లు తోలే ఆటలు, క్రికెట్ ఆటలు కావివి. రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. ఇందులో ఒక మనిషి పాత్రను ఆడేవాడే తీసుకుంటాడు. ఎవరితో ఏం మాట్లాడాలి, ఎవరికి సాయపడాలి, ఎవరిని దారిలో వదిలెయ్యాలి అన్నది తనే తేల్చుకోవాలి. ఒక్కో ఆట యాభై గంటలు, కొన్ని వంద గంటలు కూడా నడుస్తాయి. సినిమాలో హీరో తప్పు చేస్తే మనం చూస్తూ కూర్చుంటాం. ఇక్కడ ఆ తప్పు చేసిన వేలు మనదే.

సెలవులకు పలాస స్టేషన్లో దిగే పిల్లలు, టెక్కలిలో ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఈ మధ్య తెగ వాదించుకుంటున్న ప్రశ్న ఒకటుంది. ఇలాంటి ఆటలకు సుఖాంతం ఉండాలా, అక్కర్లేదా? అంతసేపు కష్టపడినవాడికి చివర మంచి జరగాలి కదా అని కొందరంటారు. జీవితం అలా ఉండదు, ఏడిపించేదే అసలు కథ అని మిగతావాళ్లంటారు.

నా మాట ముందే చెప్పేస్తాను. సుఖాంతం ఉండాలి. అయితే అది ఊరికే చేతిలో పెట్టేది కాకూడదు. దారిలో పోయినవాళ్లను మరిపించేది అసలే కాకూడదు.

పాస్టరుగారికి ఆటల గొడవెందుకు అని మీరు అడగవచ్చు. ఉద్దానంలో బతికేవాళ్లకు ముగింపు అన్న మాట ఆటమాట కాదు, అందుకే రాస్తున్నాను.

మనం ఎక్కడ నిలబడి అడుగుతున్నాం?

ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. కొబ్బరి, జీడి, పనస, మునగ. పైనుంచి చూస్తే తోటే. ఆ తోటలోనే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఎన్నో ఇళ్ల నుంచి ఒక మనిషి వారానికి రెండు మూడుసార్లు డయాలిసిస్‌కు వెళ్తున్నాడు. ఒక్కోసారి నాలుగు గంటలు మంచం మీద. సుగరు, బీపీ లేనివాళ్లకు, పొలంలో చెమటోడ్చేవాళ్లకు కూడా కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో శాస్త్రవేత్తలు ఇప్పటికీ ఖాయంగా తేల్చలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, తాతలు నాటిన కొబ్బరిచెట్లు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. అదే రోజు హిరమండలం జలాశయం నుంచి పల్లెలకు మంచినీళ్లు తెచ్చే పథకం కూడా మొదలైంది. దానికి 700 కోట్ల రూపాయలు ఖర్చయింది.

ఆసుపత్రి వచ్చింది, నీళ్లు వచ్చాయి. పోయినవాళ్లు తిరిగి రాలేదు. మన కథ సుఖాంతమా, దుఃఖాంతమా? రెండు మాటల్లో ఏదీ దీనికి సరిపోదు. ఆ సరిపోని చోట నిలబడే నేను ఈ ఆటల ముగింపులను చూస్తున్నాను.

మంచినీళ్ల కోసం ఒక ఆట

2008లో ఫాల్అవుట్ 3 అని ఒక ఆట వచ్చింది. అణుయుద్ధంలో పాడైపోయిన అమెరికా రాజధాని అందులో కథాస్థలం. అక్కడి జనం తాగే నీళ్లన్నీ విషమే. మన పాత్ర తండ్రి నీళ్లు శుద్ధిచేసే పెద్ద యంత్రం కోసం బతుకంతా ధారపోసి, దాని దగ్గరే చనిపోతాడు. చివరికి ఆ యంత్రాన్ని నడపాలంటే ఎవరో ఒకరు విషకిరణాలు నిండిన గదిలోకి వెళ్లాలి. వెళ్లినవాళ్లు బతకరు.

ఊరి నీళ్ల కోసం ఒకరు ప్రాణం పెట్టడం గొప్ప ముగింపే. ఆడినవాళ్లకు మాత్రం కోపం వచ్చింది. ఎందుకంటే ఆ కిరణాలు ఏమీ చెయ్యలేని తోడు ఒకడు పక్కనే ఉంటాడు. కాస్త లోపలికి వెళ్లవయ్యా అంటే, ఇది నీ విధి, నువ్వే వెళ్లాలి అని తప్పుకుంటాడు. కథకుడికి ఏడిపించాలని ఉంది కాబట్టి బతికే దారికి తాళం వేశాడు. 2009లో దాన్ని సరిదిద్దే భాగం విడిగా అమ్మారు. అందులో ఆ తోడును పంపవచ్చు, మనం కూడా బతకవచ్చు.

ఇక్కడ గమనించండి. ఆడినవాళ్లకు త్యాగం మీద కోపం రాలేదు. తప్పించుకునే దారి కళ్లముందు ఉండగా, చావు తప్పదు అని చెప్పినందుకు వచ్చింది. ఉద్దానంలో ఎన్నేళ్లు మన తలరాత ఇంతే అన్నారో మీకు తెలుసు. తలరాత అన్న మాట ఒప్పుకుని ఊరుకుంటే ఏ ఆసుపత్రీ కట్టరు, ఏ పైపూ వెయ్యరు. అక్కర్లేని దుఃఖాన్ని విధి అని పిలిచే కథ అబద్ధపు కథ. అది ఆటలో ఉన్నా అబద్ధమే, ఊరి రచ్చబండ మీద ఉన్నా అబద్ధమే.

2012లో మాస్ ఎఫెక్ట్ 3 అనే ఆట దగ్గర మరో రకం గొడవ జరిగింది. మూడు ఆటల పొడుగునా తాము చేసిన నిర్ణయాలకు చివర విలువ లేకుండా పోయిందని, ముగింపులు రంగులో తప్ప పెద్దగా తేడా లేవని ఆడినవాళ్లు మొత్తుకున్నారు. తయారుచేసిన కంపెనీకి మూడు రంగుల కప్‌కేకులు నాలుగు వందలు పంపారు. రంగులు వేరు, రుచి ఒక్కటే. అదే ఏడాది జూన్‌లో కంపెనీ ముగింపును పెంచి ఉచితంగా ఇచ్చింది. వాళ్ల బాధలో న్యాయముంది. మనిషి చేసిన మంచికీ చెడుకీ లెక్క లేదనడం కన్నా పెద్ద దుఃఖాంతం ఏముంటుంది?

తప్పని చావు, తప్పే చెడు

అంటే అన్ని ఆటల్లో రోగి లేచి నడవాలా? అక్కర్లేదు. తిత్లీ వచ్చిన పదిహేను రోజులకు, 2018 అక్టోబరు 26న రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 విడుదలైంది. దానిలో పాత్ర ఆర్థర్ మోర్గాన్, ఒక దొంగల ముఠా మనిషి. అప్పు వసూలుకని ఒక పేదరైతు ఇంటి మీదకు వెళ్లి అతన్ని కొడతాడు. ఆ రైతుకు క్షయ. దగ్గినప్పుడు పడిన రక్తంతో ఆ జబ్బు ఆర్థర్‌కు అంటుకుంటుంది. మందు లేని కాలమది. ఆడేవాడు ఎంత తెలివిగా ఆడినా ఆర్థర్ చనిపోతాడు. సుఖాంతానికి దారే లేదు.

అయినా నేను దాన్ని మంచి ముగింపుల్లోనే లెక్కవేస్తాను. జబ్బు తెలిసిన దగ్గర్నుంచి మిగిలిన రోజులు ఎలా బతకాలన్నది ఆడేవాడి చేతిలో ఉంటుంది. ఆ రైతు విధవరాలిని, కొడుకుని వెతికి సాయపడవచ్చు. మంచిగా నడిచి, మిత్రుడు తప్పించుకోవడానికి అడ్డుగా నిలబడితే, ఆర్థర్ కొండమీద పొద్దుపొడుపు చూస్తూ కన్నుమూస్తాడు. చెడ్డగా నడిస్తే శత్రువు చేతిలో పోతాడు. చావు మారదు. చచ్చే మనిషి మారతాడు. డయాలిసిస్ మంచాల దగ్గర కూర్చున్న ఎవరికైనా ఈ తేడా ఎంత పెద్దదో చెప్పనక్కర్లేదు. మూడేళ్లుగా పక్క మంచం మనిషికి కూడా ఇంటినుంచి ఇడ్లీ పట్టుకెళ్లేవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. (ఈ తుపాకుల ఆటలన్నీ పెద్దవాళ్లకే. చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి.)

అప్పు అన్నాను కాబట్టి మన జిల్లా కథ ఒకటి చెప్పాలి. మురపాకలో పుట్టిన కాళీపట్నం రామారావు మాస్టారు 1960ల్లో రాసిన 'యజ్ఞం'. అందులో అప్పల్రాముడి మీద అప్పు, దాని మీద ఊరి పంచాయితీ. చివరికి అతని కొడుకు సీతారాముడు, తన బిడ్డ అప్పుకు బానిసగా పెరగకూడదని ఆ పసివాణ్ని చంపేస్తాడు. ఈ ముగింపు సరైనదేనా అని తెలుగువాళ్లు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. మాస్టారు సుఖాంతం రాయలేక కాదు, ఆ అప్పుల లెక్కలో సుఖాంతం పెడితే అది షావుకారుకు క్షమాపత్రం అవుతుంది కాబట్టి రాయలేదని నేననుకుంటాను. అంచేత దుఃఖాంతానికి కూడా చోటుంది. ఏడిపించి ఊరుకోవడానికి కాదు, ఇది ఇలా జరగకూడదు అని చదివినవాణ్ని లేపడానికి.

మంచి జరగడం కూడా నిజమే

చదువుకున్నవాళ్లలో ఒక అలవాటుంది. ఏడుపుతో ముగిస్తే గొప్ప కథ, నవ్వుతో ముగిస్తే చవక కథ అనుకుంటారు. మన తీరం దీన్ని ఒప్పుకోదు. 2018 నవంబరులో గుజరాత్ నుంచి వేటకు వెళ్లిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్‌కు చిక్కి కరాచీ జైల్లో పడ్డారు. ఇంట్లో ఆడవాళ్లు అధికారుల చుట్టూ తిరిగారు. 2020 జనవరిలో ఇరవైమంది వాఘా సరిహద్దు దాటి ఇంటికి వచ్చారు. ఆ సంఘటనల మీదే 2025లో 'తండేల్' సినిమా వచ్చింది. వాళ్లు తిరిగిరావడం నిజంగా జరిగింది. దాన్ని కథలో పెడితే చవకబారుతనం ఎలా అవుతుంది? మంచిని నమ్మకపోవడమే తెలివి అనుకోవడం కడుపు నిండినవాళ్ల అలవాటు.

లేఖనాల్లో కూడా ఈ లెక్క చాలా జాగ్రత్తగా ఉంది. యోబు గ్రంథం చివర చూడండి. 7,000 గొర్రెలు పోతే 14,000 వచ్చాయి. 3,000 ఒంటెలు పోతే 6,000 వచ్చాయి. పిల్లలు మాత్రం? పోయినవాళ్లు ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. తర్వాత పుట్టినవాళ్లు కూడా అంతేమంది. గొర్రెకు బదులు గొర్రె వస్తుంది, బిడ్డకు బదులు బిడ్డ రాదు. ఇంకో మాట. యోబుకు మంచిరోజులు వచ్చాకే బంధువులు ఇంటికి వచ్చి, అతను పడిన బాధ తలచుకుని ఓదార్చారని 42వ అధ్యాయంలో ఉంది. సుఖాంతం లోపల కూడా ఓదార్పుకు చోటు పెట్టారన్నమాట.

మార్కు సువార్త మరో రకం. అతి పాత ప్రతుల్లో రెండు 16వ అధ్యాయం 8వ వచనం దగ్గరే ఆగిపోతాయి. సమాధి ఖాళీగా ఉంది, ఆయన లేచాడన్న మాట స్త్రీలు విన్నారు, భయంతో పారిపోయారు. అంతే. మన బైబిళ్లలో ఉన్న మిగతా వచనాలు ఆ ప్రతుల్లో లేవు. మంచి కబురు చెప్పేశాక కూడా వణుకుతున్న మనుషుల దగ్గర కథ ఆపవచ్చని ఆ ప్రతులు మనకు చూపిస్తున్నాయి.

మన సాక్ష్యాల సంగతి

ఇప్పుడు ఆట తయారుచేసేవాళ్లను వదిలి మన దగ్గరకు వద్దాం. సంఘాల్లో సాక్ష్యాలు చెప్పుకుంటాం. జబ్బు వచ్చింది, ప్రార్థించాం, తగ్గింది. మైకు ముందుకు వచ్చే కథలన్నీ సుఖాంతాలే. తగ్గనివాళ్ల కథకు మైకు అందదు. భర్తను డయాలిసిస్‌కు తిప్పి తిప్పి చివరికి పోగొట్టుకున్న ఆమె వెనక వరసలో కూర్చుని ఇవన్నీ వింటుంది. తనకు విశ్వాసం చాల్లేదేమో అని ఆమెకు అనిపిస్తే, ఆ తప్పు ఆమెది కాదు, మనం ఎంచుకున్న కథలది. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయంలో సింహాల నోళ్లు మూయించినవాళ్లూ, రంపాలతో కోయబడినవాళ్లూ ఒకే వరసలో ఉన్నారు. ఇద్దరి విశ్వాసాన్నీ ఒకేలా మెచ్చుకున్నారు.

హైదరాబాదులో ఆటల కంపెనీల్లో మన తెలుగు పిల్లలు పనిచేస్తున్నారు. ఉద్దానం నుంచి కూడా ఒకరోజు ఎవరో వెళ్తారు. వాళ్లకు నేను చెప్పేది ఇదే. మంచి ముగింపుకు తలుపు తెరిచి ఉంచండి, కానీ దాని ఖరీదు చూపించండి. 2015లో వచ్చిన అండర్‌టేల్ ఆటలో ఎవరినీ చంపకుండా చివరిదాకా వెళ్లవచ్చు, అదే అన్నిటికన్నా మంచి ముగింపు. ముందు ఒకసారి అందరినీ చంపి, తర్వాత మళ్లీ మొదలుపెట్టి మంచివాడిగా ఆడితే మాత్రం ఆట పాతది మరిచిపోదు, ముగింపులో మరక మిగులుతుంది. అలా గుర్తుపెట్టుకునే ఆటలు చెయ్యండి. పోయినవాళ్ల పేర్లు చివరి దృశ్యంలో కూడా ఎవరో ఒకరు పలకాలి.

పెద్దలకు ఒక చిన్న పని. ఇంట్లో కుర్రాడు ఇలాంటి ఆట ముగించి మౌనంగా కూర్చుంటే, టైము వేస్టు అని కసరకండి. ఎలా అయిపోయింది నాయనా, నువ్వయితే ఎలా ముగించేవాడివి అని అడగండి. వచ్చే ఆదివారం సాక్ష్యాల వేళ, తగ్గని ఇంటివాళ్లను కూడా ముందుకు పిలిచి, వాళ్ల కథ ఉన్నదున్నట్టు చెప్పనివ్వండి. చివర ఏం జరిగిందో వాళ్లే చెప్తారు. మనం విందాం.