వేలిముద్ర వేసింది గదా!

బాల్కొండలో మా వీధి అవ్వ ఒకామె కిందటి నెల కాగితాల సంచీ తెచ్చి నా ముందు కుమ్మరించింది. జీవితమంతా బీడీలు చుట్టిన మనిషి. బీడీ కార్మికురాలి వేళ్ళమీద మన పత్రికల్లో కవిత్వం చాలానే వచ్చింది, నేనూ రాశాను. ఆ సంచీలోని ఫారం 10-సి మాత్రం అంతవరకూ చదివి ఎరుగను.

ఆమె ఒక కార్ఖానాలో తొమ్మిదేళ్ళు పీఎఫ్ కట్టి 2017లో పని మానింది. గేటు దగ్గర ఫారాలు నింపే దళారి ఐదువందలు పుచ్చుకుని ఒక సలహా ఇచ్చాడు. "పింఛను పైసలు గూడ తీసుకొమ్మన్నడు బిడ్డా, లేకుంటె మునుగుతయన్నడు." మరుసటి ఏడే మరో కార్ఖానాలో చేరి అయిదేళ్ళు చేసింది. 2024లో 58 నిండి అడగబోతే, సర్వీసు అయిదేళ్ళే, నెలనెలా పింఛను రాదన్నారు.

1995 నవంబరు 16న అమలులోకి వచ్చిన ఉద్యోగుల పింఛను పథకంలో నెల పింఛనుకు పదేళ్ళ సర్వీసు కావాలి. అంతకు తక్కువ ఉన్నవారికి రెండు దారులు: ఉన్న సొమ్ము తీసుకుపోవటం, లేదా స్కీం సర్టిఫికెట్ తీసుకుని ఆ ఏళ్ళను తరువాతి కొలువులో కలుపుకోవటం. రెండూ ఆ 10-సి ఫారంలోనే ఉన్నాయి. తొమ్మిదేళ్ళకు చేతికొచ్చేది పది నెలల జీతానికి లోపే. సర్టిఫికెట్ తీసుకుని ఉంటే తొమ్మిదీ అయిదూ పద్నాలుగయ్యేవి; 2014 సెప్టెంబరులో నిర్ణయించిన కనీస పింఛను వెయ్యి రూపాయలైనా బతికినంతకాలం వచ్చేది. వెయ్యి ఒక లెక్కా అనే మిత్రులు ఆమె ఇంటి చింతపండు, మందుబిళ్ళల ఖర్చు అడిగి చూడండి.

ఈ సంగతి మా కాలేజీలో చెబితే, సభల్లో శ్రామికవర్గం గురించి గంటలకొద్దీ మాట్లాడే సహోద్యోగి ఒకరు నిట్టూర్చి, "చదువులేకపోవటం వల్ల వచ్చిన చిక్కు. వేలిముద్ర వేసింది గదా, ఇక ఎవర్నేమనగలం?" అన్నారు. నా తగాదా ఈ మాటతోనే. యజమాని తరఫు వకీలు అనవలసిన మాటను మన నోట మనమే ఎందుకు అనాలి?

చదువే రక్షణ అయితే బ్రిటన్ ఉక్కు కార్మికుల సంగతి ఏమిటి? ఆ 2017లోనే టాటా వారి యాజమాన్యంలోని పరిశ్రమలో, బ్రిటిష్ స్టీల్ పింఛను పథకం నుంచి దాదాపు ఎనిమిదివేలమంది సలహాదారుల మాట విని తమ వాటా తీసుకుని బయటికి వెళ్ళారు. వారంతా కాగితాలు చదవగలవారే, సంతకాలు పెట్టినవారే. ఆ సలహాల్లో సుమారు సగం తగనివని అక్కడి ఆర్థిక నియంత్రణ సంస్థ అంచనా వేసింది. సంతకం ఉంది గదా అని చేతులు దులుపుకోలేదు. సలహా సంస్థలే పాత కేసులు తిరగదోడి, నష్టం ఉంటే పరిహారం ఇవ్వాలని 2023 ఫిబ్రవరిలో పథకం మొదలుపెట్టింది. అందరి నష్టమూ పూడలేదు, నిజమే. పెట్టుబడిదారీ దేశపు న్యాయానికి దండలు వేయమనటం లేదు. కాని అక్కడ ప్రశ్న సలహా ఇచ్చినవాడికి వేశారు.

మన దగ్గర దారి బొత్తిగా లేదా? పీఎఫ్ చందాదారు వినియోగదారేనని సుప్రీంకోర్టు 1999 డిసెంబరులోనే తేల్చింది. తెలపవలసిన సమాచారాన్ని కావాలని దాచటం సేవాలోపమని 2019 వినియోగదారుల చట్టం అంటున్నది. అవ్వది 2017 నాటి వ్యవహారం గనుక ఆ మాట ఆమెకు పూర్తిగా అక్కరకు రాకపోవచ్చు. ఆ తరువాత ఫారాలు నింపించుకున్నవారికి వస్తుంది. ఐదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. గడువు రెండేళ్ళు. ఆ గడువును డబ్బు చేతికొచ్చిన రోజు నుంచి లెక్కిస్తారా, మోసం తెలిసిన రోజు నుంచా? తెలిసిన రోజు నుంచేనని నా వాదన. కాదంటే, తగిన కారణం చూపినప్పుడు ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది.

నిజామాబాదు జిల్లా కమిషన్‌కు అర్జీ రాశాను. దళారినీ, ఫారంమీద ముద్ర కొట్టిన కార్ఖానానూ ప్రతివాదులుగా చేర్చాను. ఆలస్యానికి కారణం చెప్పే పేరాకే రెండు రాత్రులు పట్టింది. మా సిలబస్‌లో అర్జీ రాయటం లేదు మరి. ఈ వీధిలో ఇంకెందరి సంచులలో ఇటువంటి కాగితాలు ఉన్నాయో చూడటానికి నలుగురు విద్యార్థులు ఆదివారాలు వస్తామన్నారు. సహోద్యోగి గారినీ రమ్మన్నాను. పరీక్ష పేపర్లు దిద్దటం అయ్యాక చూద్దామన్నారు.