పాత లాప్‌టాప్‌లో రెండో సిస్టమ్‌కు చోటివ్వండి

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలుగా ఇచ్చే ఉచిత భద్రతా అప్‌డేట్లను మైక్రోసాఫ్ట్ ఆపేసింది. మర్నాడు కూడా ఆ కంప్యూటర్లన్నీ ఎప్పటిలాగే ఆన్ అయ్యాయి కాబట్టి చాలా ఇళ్లల్లో ఈ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అయితే విడిగా పొడిగింపు తీసుకోకపోతే, ఆ తేదీ తర్వాత బయటపడే లోపాలను ఆ యంత్రాల్లో సరిచేసే నాథుడు ఉండడు. ఆన్‌లైన్ బ్యాంకింగ్, పిల్లల అడ్మిషన్ దరఖాస్తులు, ఆధార్ కాపీలు అన్నీ వాటిమీదే నడుస్తున్నాయి. పోనీ విండోస్ 11కు మారదామంటే టీపీఎం 2.0 చిప్ కావాలంటుంది, సెక్యూర్ బూట్ కావాలంటుంది, ప్రాసెసర్ దాదాపుగా ఇంటెల్ ఎనిమిదో తరం లేదా ఏఎండీ రైజెన్ 2000 శ్రేణికి తగ్గితే ఒప్పుకోదు. ఇంటెల్ ఎనిమిదో తరం మార్కెట్లోకి వచ్చిందే 2017లో. అంతకుముందు కొన్న లాప్‌టాప్‌లో ఐ5 ప్రాసెసరూ 8 జీబీ ర్యామూ ఉండి, ఏ లోటూ లేకుండా పనిచేస్తున్నా సరే, దానికి విండోస్ 11 అర్హత లేదు. అలాంటి యంత్రాన్ని తుక్కు కింద ఇచ్చేయనక్కర్లేదని, అలాగని ఉన్నపళంగా విండోస్‌ను పీకేయనక్కర్లేదని నా వాదన. ఉన్న డిస్కులోనే కొంత భాగం విడదీసి విండోస్ పక్కన లైనక్స్ వేసుకోవాలి. ఇంటర్నెట్‌తో జరిగే ప్రతి పనినీ లైనక్స్‌లోకి మార్చాలి. విండోస్‌ను దానితో తప్ప జరగని పనులకే, నెట్ తీసేసి వాడుకోవాలి.

దీనికంటే తేలిక దారులు రెండు ఉన్నాయని కొందరు అంటారు. మొదటిది మైక్రోసాఫ్టే ఇచ్చిన పొడిగింపు. ఇళ్లల్లో వాడేవాళ్లు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు ఇస్తామంది. అందుకోగలిగినవాళ్లు తప్పకుండా అందుకోవాలి. కానీ అది గడువు పెంపే తప్ప పరిష్కారం కాదు. రెండోది మన రిపేరు షాపుల్లో బాగా నడుస్తున్న పద్ధతి: హార్డ్‌వేర్ తనిఖీని దాటవేసి పాత యంత్రంలోనే విండోస్ 11 వేసేయడం. అది పనిచేస్తుంది, ఇవాళ్టికి అప్‌డేట్లు కూడా వస్తుండొచ్చు. అర్హత లేని యంత్రాలకు అప్‌డేట్ల హామీ లేదని మాత్రం కంపెనీ ముందే చెప్పింది. ఏ హామీ కోసమైతే విండోస్ 10ను వదిలామో అదే లేనప్పుడు ఈ మార్పు వల్ల ఒరిగేదేముంది? అదే లైనక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటును చూడండి: 2024 ఏప్రిల్‌లో వచ్చిన 24.04 వెర్షన్‌కు అయిదేళ్ల మద్దతు ఉంది, పైసా ఖర్చు లేదు, అదే పాత ప్రాసెసర్‌మీద ఏ పేచీ లేకుండా నడుస్తుంది.

మరి అంత బావుంటే విండోస్‌ను పూర్తిగా తీసేయమనొచ్చుగా అని లైనక్స్ అభిమానులు అడుగుతారు. వాళ్లు ఒక్కసారి మన ఊళ్లలోని డీటీపీ సెంటర్లలోకి తొంగిచూడాలి. అక్కడ ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లదే రాజ్యం. పేజ్‌మేకర్ ఏడో వెర్షన్ 2001 నాటిది. దాన్ని తయారుచేసిన అడోబ్ ఎప్పుడో వదిలేసి ఇన్‌డిజైన్ వైపు వెళ్లిపోయింది. అయినా పెళ్లిపత్రికలు, కరపత్రాలు, స్కూలు ప్రశ్నపత్రాలు దాంట్లోనే తయారవుతున్నాయి. అను అక్షరాలు యూనికోడ్‌వి కావు. ఏళ్ల తరబడి కూడబెట్టిన ఆ ఫైళ్లను వేరేచోట తెరిస్తే తెలుగుకు బదులు ఏవో గజిబిజి గుర్తులు వస్తాయి. అకౌంటెంట్ల సంగతీ అంతే, ట్యాలీ విండోస్ కోసం తయారైన సాఫ్ట్‌వేర్. కొన్ని ప్రింటర్లకు లైనక్స్ డ్రైవర్ సంపాదించడం ఇప్పటికీ తలప్రాణం తోకకు తెస్తుంది. బతుకుతెరువు ముడిపడి ఉన్న ఇలాంటి పనులను ఆదర్శం పేరుతో వదులుకోమనడం అన్యాయం. వీటిలో చాలావాటికి ఇంటర్నెట్ అక్కర్లేదన్నదే ఇక్కడ కలిసొచ్చే సంగతి. పేజ్‌మేకర్‌లో పేజీ కట్టడానికి వైఫై ఎందుకు? పాత ఫైళ్లకు పాత సిస్టమ్, బ్యాంకుకూ ఈమెయిల్‌కూ కొత్త సిస్టమ్ అని విడగొట్టుకుంటే రెండు అవసరాలూ తీరతాయి. పెన్‌డ్రైవ్‌ల ద్వారా వైరస్ వచ్చే దారి అప్పటికీ తెరిచే ఉంటుంది. విండోస్‌లోకి చొరబడ్డ వైరస్ కావాలనుకుంటే పక్క పార్టిషన్‌ను కూడా చెరపగలదు. కాబట్టి ఇది దుర్భేద్యమైన గోడ అని నేననను. పాస్‌వర్డులు, ఓటీపీలు, బ్యాంకు పేజీలు లోపాలున్న సిస్టమ్‌లో తెరుచుకోకుండా పోవడమే ఇందులో దక్కే పెద్ద లాభం.

అసలు అభ్యంతరం డబ్బు గురించో సాఫ్ట్‌వేర్ గురించో కాదు, భయం. డిస్కును విడదీస్తే ఉన్నదంతా పోతుందేమోనన్న భయం. నిజానికి పార్టిషన్ మనవాళ్లకు కొత్తేం కాదు. అసెంబుల్డ్ కంప్యూటర్ల కాలంలో ప్రతి ఇంట్లోనూ సీ, డీ, ఈ డ్రైవ్‌లు ఉండేవి. సీలో విండోస్, డీలో ఫొటోలు, ఈలో పాటలూ సినిమాలూ. వైరస్ ముదిరి మెకానిక్ సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టినా పెళ్లి ఫొటోలు డీలో పదిలంగా ఉండేవి. డిస్కులో ఏ భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఒక చిన్న పట్టికలో రాసి ఉంటుంది. అది భూములకు అడంగల్, పహాణీ లాంటిది. రికార్డు చెడితే పొలం ఎక్కడికీ పోదు గానీ, ఎవరి చెక్క ఎక్కడిదో చెప్పేందుకు ఆధారం ఉండదు. అందుకే పట్టిక మాత్రమే పాడైనప్పుడు, దాని తర్వాత డిస్కుమీద కొత్తగా ఏమీ రాయకపోతే, టెస్ట్‌డిస్క్ లాంటి ఉచిత సాధనాలు చాలాసార్లు హద్దులను మళ్లీ పట్టుకోగలుగుతాయి.

పాత భయానికి పాత కారణం లేకపోలేదు. 1983 నాటి ఐబీఎం పీసీల నుంచి వచ్చిన ఎంబీఆర్ పద్ధతిలో ఈ పట్టిక డిస్కు మొదటి సెక్టారులో, 512 బైట్లలో ఒదిగి ఉండాలి. అందులో 446 బైట్లు కంప్యూటర్‌ను లేపే కోడ్‌కు, చివరి రెండు బైట్లు గుర్తుకు పోగా పట్టికకు మిగిలింది 64. ఒక్కో పార్టిషన్ వివరానికి 16 బైట్లు కాబట్టి ప్రధాన పార్టిషన్లు నాలుగుకు మించవు. విండోస్ 7 రోజుల్లో కొన్ని కంపెనీలు బూట్‌కొకటి, సీకొకటి, రికవరీకొకటి, సొంత టూల్స్‌కొకటి అని ఆ నాలుగూ తామే నింపేసి అమ్మేవి. ఇంకోదానికి చోటే ఉండేది కాదు. పైగా లేపే కోడ్‌కు ఉన్నది ఒకటే స్థలం కాబట్టి విండోస్ మళ్లీ వేస్తే లైనక్స్ మెనూ మాయమయ్యేది. ఇప్పటి యూఈఎఫ్ఐ యంత్రాల్లో ఈ చిక్కు చాలావరకు విడిపోయింది. వాటిలో వాడే జీపీటీ పట్టికలో సాధారణంగా 128 పార్టిషన్లకు చోటుంటుంది, పట్టిక నకలు డిస్కు చివర్లో ఇంకొకటి ఉంటుంది. ఈఎఫ్ఐ పార్టిషన్‌లో మైక్రోసాఫ్ట్‌కొక ఫోల్డర్, ఉబుంటుకొక ఫోల్డర్, ఎవరిది వారిదే. ఒకే యంత్రంలో రెండు సిస్టమ్‌లు ఉంచుకునే ఈ డ్యూయల్ బూట్ గురించి మనం వినే భయంకరమైన కథల్లో చాలా భాగం ఎంబీఆర్ కాలానివి.

చాలా భాగమే, అన్నీ కాదు. మిగిలిన ప్రమాదాలను దాచిపెట్టి సలహా ఇవ్వడం తప్పు. బ్యాకప్ లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు. ఎక్స్‌టర్నల్ డిస్కులోకి ఫొటోలు, ఫైళ్లు ఎక్కించి, అవి తెరుచుకుంటున్నాయో లేదో చూసుకున్నాకే ముందుకెళ్లాలి. విండోస్ ఉన్న భాగాన్ని విండోస్‌తోనే తగ్గించడం మేలు. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేస్తే ష్రింక్ వాల్యూమ్ అన్న ఆప్షన్ ఉంటుంది. డ్రైవ్‌లో వంద జీబీ ఖాళీ కనిపిస్తున్నా అది ఒక్కోసారి పదో ఇరవయ్యో జీబీకి మించి తగ్గించలేనంటుంది. హైబర్నేషన్ ఫైలు, పేజ్ ఫైలు, ఎన్‌టీఎఫ్ఎస్ తన సొంత లెక్కల కోసం పెట్టుకునే ఫైళ్లు డిస్కు మధ్యలో కదలకుండా కూర్చుంటే వాటిని దాటి అది తగ్గదు. హైబర్నేషన్, పేజ్ ఫైలు తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి ప్రయత్నిస్తే తరచూ దారి దొరుకుతుంది. ఉబుంటుకు కనీసం 25 జీబీ కావాలి, 50 ఇస్తే హాయిగా ఉంటుంది. విడదీసిన చోటును డ్రైవ్‌గా మార్చకుండా ఖాళీగానే వదిలేయాలి. ఇక ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక తెర దగ్గర ఆగి రెండుసార్లు చదవాలి: విండోస్ పక్కన వేయమంటారా, డిస్కు మొత్తం చెరిపి వేయమంటారా అని అడిగే తెర. కొంపలు మునిగేవి ఎక్కువగా అక్కడే. డిస్కును కదపడానికి ఎంతకీ ధైర్యం చాలనివాళ్లకు ఇంకో మార్గం ఉంది. డీవీడీ డ్రైవ్ ఉన్న పాత లాప్‌టాప్‌లో దాన్ని తీసి క్యాడీతో చిన్న ఎస్‌ఎస్‌డీ బిగించి లైనక్స్‌ను అందులో వేయించుకోవచ్చు, అప్పుడు పాత డిస్కు జోలికే పోనక్కర్లేదు.

రెండు సిస్టమ్‌లు కలిసి ఉన్నాక వచ్చే పేచీలు కొన్ని ఉన్నాయి. విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ వల్ల షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. అప్పుడు లైనక్స్ నుంచి అవే డ్రైవ్‌లలో ఫైళ్లు మారిస్తే డేటా చెడిపోవచ్చు, కాబట్టి దాన్ని ఆపేయాల్సిందే. ఆపేస్తే డీ డ్రైవ్‌ను రెండువైపుల నుంచీ వాడుకోవచ్చు. గడియారం సంగతి మరీ చిత్రం. మదర్‌బోర్డు గడియారంలో ఉన్నది స్థానిక సమయమని విండోస్ అనుకుంటుంది, అంతర్జాతీయ సమయమని లైనక్స్ అనుకుంటుంది. దాంతో మన దేశంలో సరిగ్గా అయిదున్నర గంటల తేడా వస్తుంది. తేదీ సమయం తప్పుగా ఉంటే ఒక్కోసారి బ్యాంకు వెబ్‌సైట్లు తెరుచుకోవు, జనం కంప్యూటర్ పాడైందని కంగారుపడతారు. లైనక్స్‌లో ఒక్క కమాండ్‌తో సరిపోయే విషయం అది. అన్నిటికంటే జాగ్రత్తగా చూసుకోవాల్సింది విండోస్ డ్రైవ్‌కు తాళం వేసే బిట్‌లాకర్. డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే బూట్ సెట్టింగులు మారగానే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ లేకపోతే ఫైళ్లు తలుపు అవతల ఉన్నట్టే, తిరిగి దక్కవు. డిస్కును ముట్టుకునే ముందే ఆ కీ కాగితం మీద రాసిపెట్టుకోవాలి.

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా కంపెనీ అప్‌డేట్ ఒకటి వచ్చి చెడగొడితే ఏం చేస్తారన్నది గట్టి ప్రశ్నే. 2024 ఆగస్టులో అదే జరిగింది. లైనక్స్‌ను లేపే గ్రబ్ బూట్‌లోడర్‌లోని పాత లోపాన్ని అడ్డుకోవడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన భద్రతా అప్‌డేట్, డ్యూయల్ బూట్ యంత్రాలను వదిలేయాల్సింది పోయి వాటిలో కొన్నింటికీ వర్తించింది. లైనక్స్ లేవకుండా భద్రతా విధానానికి విరుద్ధమంటూ ఎర్రర్ చూపించింది. కంపెనీ లోపాన్ని ఒప్పుకుంది, సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపి సరిచేసుకునే మార్గమూ ఉంది. కానీ మూలం నుంచి పరిష్కరించడానికి నెలలు పట్టింది. దీన్నిబట్టి డ్యూయల్ బూట్ వద్దనడం నాకు సబబుగా తోచదు. యంత్రం కొన్నవాడికి దాని డిస్కులో తనకిష్టమైన సిస్టమ్ వేసుకునే హక్కు ఉంది. పక్కవాడి సిస్టమ్‌ను చెడగొట్టకుండా అప్‌డేట్ ఇచ్చే బాధ్యత కంపెనీది. నేను చెబుతున్న పద్ధతిలో విండోస్ నెట్‌కు దూరంగా ఉంటుంది కాబట్టి ఇలాంటి అప్‌డేట్ హఠాత్తుగా వచ్చిపడే అవకాశమూ తగ్గుతుంది.

ఇంత శ్రమ ఎందుకు, రెండో సిస్టమ్‌ను మొదటిదాని లోపలే వర్చువల్ మెషీన్‌లో నడుపుకోవచ్చుగా అనేవాళ్లది కొత్త కంప్యూటర్ ఉన్నవాళ్ల ఆలోచన. ఒకేసారి రెండు సిస్టమ్‌లను మోయడానికి ర్యామ్ కావాలి. 4 జీబీ ఉన్న పాత లాప్‌టాప్ రెంటినీ ఈడ్వలేక చతికిలబడుతుంది. పైగా విండోస్ 10 లోపల లైనక్స్ నడిపితే కింద ఆధారంగా ఉన్నది అప్‌డేట్లు ఆగిన సిస్టమే, అసలు సమస్య అలాగే ఉండిపోతుంది. లైనక్స్ కింద ఉండి విండోస్ దాని లోపల నడవడం మాత్రం మంచి ఏర్పాటే, 16 జీబీ ర్యామ్ ఉన్నవాళ్లు నిరభ్యంతరంగా ఆ దారి పట్టొచ్చు.

సామాన్యులకు ఇదంతా సాధ్యమా అన్న సందేహానికి కేరళ జవాబు చెప్పింది. అక్కడి ప్రభుత్వ బడుల్లో ఏళ్లుగా పిల్లలు లైనక్స్ మీదే నేర్చుకుంటున్నారు, పదో తరగతి ఐటీ పరీక్ష కూడా దానిమీదే రాస్తున్నారు. తెలుగువాళ్లకూ పునాది లేకపోలేదు. హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు లైనక్స్‌ను తెలుగులోకి తెచ్చేందుకు ఏళ్ల తరబడి పనిచేశారు. లోటల్లా చేసిపెట్టే చేతులదే. ఇంటింటికీ ఎవరికివారు పార్టిషన్ చేసుకోవాలని నేననడం లేదు, అది నేర్చినవాడు దగ్గర్లో దొరకాలి. మన పాలిటెక్నిక్‌లలో, డిగ్రీ కాలేజీల కంప్యూటర్ ల్యాబుల్లో పాత యంత్రాలకు కొదవ లేదు. బ్యాకప్ తీయడం, సీ డ్రైవ్‌ను తగ్గించడం, రెండో సిస్టమ్ వేయడం, చెడిన బూట్ మెనూను బాగుచేయడం అనే నాలుగు పనులను ప్రాక్టికల్ పరీక్షలో మార్కులున్న అంశాలుగా పెట్టాలి. చేసి చెడగొట్టుకోవడానికి ల్యాబు యంత్రం ఉంటే విద్యార్థికి బెదురు పోతుంది. బయటికొచ్చాక అదే పనిని మండల కేంద్రంలో ఒక చిన్న షాపు పెట్టుకుని నాలుగైదు వందలకు చేసిపెట్టగలడు. కొత్త లాప్‌టాప్ కోసం ముప్పై వేలు అప్పు చేయబోతున్న కుటుంబం ముందుగా ఆ షాపు మెట్లెక్కాలి.