ఎవరినీ ఆటలో అరటిపండును చేయకండి

తెలుగునాట పిల్లల ఆటల్లో ఒక విచిత్రమైన పదవి ఉంది. వయసు చాలకపోవటమే దానికి అర్హత. సరిగా పరుగెత్తలేని పసివాడు తానూ ఆడతానని మారాం చేస్తే పెద్దపిల్లలు వాణ్ణి 'ఆటలో అరటిపండు' అని చేర్చుకుంటారు. వాడు పరుగెత్తవచ్చు, అరవవచ్చు, దాక్కోవచ్చు. కాని వాణ్ణి ముట్టుకున్నా వాడు దొంగ కాడు, వాడు ముట్టుకున్నా మరొకరు దొంగ కారు. ఆటలో ఉంటాడు, లెక్కలో ఉండడు. మూడేళ్ళవాడికి ఇది పెద్దల దయ. ఆరేళ్ళవాడికి ఇదే అవమానం. 'నేను అరటిపండును కాను' అని కళ్ళనీళ్ళతో పేచీకి దిగిన పిల్లవాణ్ణి చూడని తెలుగు వీధి ఉండదు.

ఈ పాతమాటను ఇప్పుడు తవ్వి తీయటానికి కారణం ఉంది. ఒకరినొకరు ఓడించుకోవటం కాక, అందరూ ఒక పక్షమై బల్లమీది ఆటనే ఓడించవలసిన కొత్తరకం ఆటలు మన ఇళ్ళలోకి వస్తున్నాయి. సెలవులకు వచ్చే మనుమలు పెట్టెలో సర్దుకొని తెస్తున్నారు. గెలిస్తే అందరూ గెలుస్తారు, ఓడితే అందరూ ఓడుతారు. భావన ఉత్తమమైనదే. అయితే ఆడేవారిలో తొమ్మిదేళ్ళ పిల్ల, చూపు మందగించిన అమ్మమ్మ, ఆ ఆటను నూరుసార్లు ఆడిన మేనమామ కలసి కూర్చున్నప్పుడు కష్టాన్ని ఎలా సర్దాలన్న ప్రశ్న వస్తుంది. అక్కడ లోకంలో సాగుతున్న పద్ధతి తప్పు అని నా వాదం. మొత్తం ఆటను తేలిక చేసి, మిగిలినదంతా తెలిసినవాడి నోటికి అప్పగించటం ఆ పద్ధతి. సహకారమనే పేరుతో అది ఇంటినిండా అరటిపండ్లను తయారు చేస్తున్నది.

ముందు విషయం స్పష్టం కావాలి. ఈ జాతి ఆటలలో మిక్కిలి పేరు పొందిన 'పాండెమిక్' 2008లో వచ్చింది. కర్త మాట్ లీకాక్ అనే అమెరికా దేశస్థుడు. బల్లపై ప్రపంచపటం, నాలుగు రోగాలు, ఇద్దరి నుండి నలుగురి వరకు ఆటగాళ్ళు. మన పొరుగున ఉన్న చెన్నపట్నం కూడా ఆ పటంలో ఉంది. నాలుగు రోగాలకూ మందు కనుగొంటే గెలుపు. ఆటను కఠినం చేయదలచినవారు కార్డుల దొంతరలో మహమ్మారి కార్డుల సంఖ్య పెంచుతారు. కొత్తవారికి 4, మామూలువారికి 5, వీరులకు 6. ఆయనదే 2010 నాటి 'ఫర్బిడెన్ ఐలాండ్' ఆటలో ద్వీపం మునిగిపోతూ ఉంటుంది. నీటిమట్టం ఎక్కడ మొదలు కావాలో ముందే నాలుగు స్థాయిలలో ఒకటి ఎంచుకుంటారు.

గమనించండి, రెండింటిలోనూ కొలత బల్లకు ఉంది, మనిషికి లేదు. కూర్చున్న నలుగురూ ఒకే తూకం మనుషులైతే ఇబ్బంది లేదు. మన ఇళ్ళలో అలా ఎన్నడైనా ఉంటుందా?

మేనమామ నిపుణుడు, పిల్ల కొత్తది అనుకుందాం. పిల్ల కోసమని 4 కార్డులు పెట్టారు. ఆట ఎంత తేలికైతే నిపుణుడికి ఇతరుల అవసరం అంత తక్కువ. ఆయన ఒక్కడే అందరినీ ఒడ్డున పడవేయగలడు. పిల్ల ఏం చేసినా ఫలితం మారదు. పోనీ, 6 కార్డులు పెట్టారు. ఇప్పుడు ఒక్క తప్పుకూ చోటు లేదు కనుక పిల్ల వంతు రాగానే మేనమామ చెయ్యి ముందుకు వస్తుంది. 'అక్కడికి కాదు, ఇటు వెళ్ళు. ఆ కార్డు నాకివ్వు.' పిల్ల పావును కదుపుతుంది, కదలిక మాత్రం ఆమెది కాదు. బల్ల కష్టాన్ని పెంచినా తగ్గించినా పిల్ల లెక్కలోనికి రాలేదు. అసలు జబ్బు ఆ కొలతకు అందే చోట లేదు.

ఇక పూర్వపక్షాలు. వీటిని నేను కల్పించటం లేదు. ఆడేవారి నోట నిత్యం వినేవే.

మొదటి వాదం: 'నియమం అందరికీ ఒకటే కావాలి. మనిషికో నియమమంటే అది ఆట కాదు.' ఇది వినటానికి ధర్మంగానే ఉంటుంది. కాని చూడండి, 'గో' అనే ప్రాచీనమైన ఆటలో బలహీనుడైన ఆటగాడు 2 మొదలు 9 రాళ్ళ వరకు ముందుగానే బల్లపై పెట్టుకొని ఆరంభిస్తాడు. దానివల్ల ఆటకు గౌరవం తగ్గలేదు. పోటీ ఆటలలోనే బలాబలాలను సర్దే మర్యాద ఉంటే, ఒకే పక్షాన ఉన్నవారి మధ్య ఉండకూడదనటం ఏ న్యాయం?

మన పద్యవిద్యనే చూడండి. వృత్తంలో ప్రాస నియతం, ప్రాసయతి చెల్లదు. ఆటవెలదిలో ప్రాసనియమం లేదు, యతికి బదులు ప్రాసయతి చెల్లుతుంది. అందుకే పద్యం నేర్వబూనిన పిల్లవాణ్ణి శార్దూలం మీదికి తోలకుండా ఆటవెలదితోనో తేటగీతితోనో మొదలు పెట్టిస్తాం. వాడి భారం తగ్గింది. కాని ఏ పదం వేయాలన్న నిర్ణయం వాడిదే. గణం తప్పితే తప్పు వాడిదే, కుదిరితే పద్యం వాడిదే. గురువు పద్యం చెప్పి శిష్యుడిచేత వ్రాయిస్తే దానిని పద్యవిద్య అనము, లేఖనం అంటాము. వేమన పద్యాలు అధికభాగం ఆటవెలదులే. నియమం తక్కువైన ఛందస్సు ఎన్నుకున్నాడని ఆయనను ఎవరైనా సాహిత్యంలో అరటిపండు అన్నారా?

అవధానంలోనూ ఇదే మర్యాద. అష్టావధానంలో ఎనిమిది అంశాలు, శతావధానంలో నూరు. భారం పెరిగేది సంఖ్యలో. ఎనిమిదే కదా అని యతిప్రాసలను ఎవరూ మన్నించరు. భారాన్ని మనిషి శక్తికి తగినట్లు కొలుస్తారు, పని మాత్రం పూర్తిగా అతడిచేతనే చేయిస్తారు.

రెండవ వాదం: 'తెలిసినవాడు తెలియనివారికి చెప్పటం సహకారమే కదా, తప్పేమిటి?' చెప్పటం వేరు, చేయించటం వేరు. అడిగినప్పుడు చెప్పేది సహాయం. అడగకముందే చెప్పేది పెత్తనం. ఈ ఆటల కర్తలలో కొందరు ఈ రోగాన్ని గుర్తించి మందు కూడా కనిపెట్టారు. ఆంత్వాన్ బోజా రచించిన 'హనాబి' 2010లో వచ్చి 2013లో జర్మనీలో ఆ యేటి ఉత్తమ ఆటగా పురస్కారం పొందింది. అందులో ఎవరి కార్డులు వారికి కనపడవు, ఎదుటివారికే కనపడతాయి. సూచన ఇవ్వటానికి ఉన్నవి 8 బిళ్ళలు. మాట పొదుపుగా వాడాలి. 2019లో వచ్చిన 'ది క్రూ' మన పేకాటలోవలె పట్లు పట్టే ఆట. అందులోనూ ఒక్కొక్క విడతలో తన చేతిలోని ఒక్క కార్డును గురించి మాత్రమే ఒక్కసారి తెలియజేసే వీలుంది. పెత్తందారు నోటికి నియమమే తాళం వేసింది.

అయితే ఇందులోనూ ఒక చిక్కు ఉంది. మాట తగ్గినచోట జ్ఞాపకం మీద భారం పెరుగుతుంది. ఏ కార్డు గురించి ఎవరేమి చెప్పారో 'హనాబి'లో మనసున పెట్టుకోవాలి. డెబ్బై యేళ్ళ అమ్మమ్మకు అది కష్టం. అప్పుడు ఆమెను ఆటనుంచి తప్పించటమో, ఆమె కార్డులు ఇంకొకరు చూసి చెప్పటమో కాదు చేయవలసినది. ఆమె పక్కన ఒక కాగితం, పెన్సిలు పెట్టండి. ఇతరులకు ఆ సదుపాయం వద్దు. జ్ఞాపకభారం తగ్గింది, ఏ కార్డు దించాలన్న నిర్ణయం ఆమె చేతిలోనే ఉంది. మనిషికి కొలవటం అంటే ఇంతే. ఇందులో గొప్ప శాస్త్రమేమీ లేదు.

మూడవ వాదం: 'పసివాళ్ళు ఓడితే ఏడుస్తారు. చాటుగా కార్డులు సర్ది గెలిపిస్తే నష్టమేమిటి?' నష్టం ఉంది. పిల్లలు ఈ మోసాన్ని మనం అనుకున్నదానికన్న ముందే పసికడతారు. ఆ తరువాత నిజంగా గెలిచిన ఆటను కూడా నమ్మరు. 1986లో జర్మనీకి చెందిన హాబా సంస్థ చిన్నపిల్లల కోసం ఒక పండ్లతోట ఆటను తెచ్చింది. మాలకాకి తోటలోకి రాకముందే అందరూ కలసి పండ్లు కోసుకోవాలి. పాచిక చెప్పిన రంగు పండు కోస్తారు. బుట్ట బొమ్మ పడితే మాత్రం ఏ చెట్టువి రెండు కోయాలో పిల్లవాడే ఎంచుకోవాలి. అంత పసివారి ఆటలోనూ ఒక నిజమైన నిర్ణయం ఉంచారు, ఓడిపోయే అవకాశమూ ఉంచారు. నిర్ణయమే లేని ఆట కావాలంటే మనకు వైకుంఠపాళి ఉండనే ఉంది. అక్కడ పండితుడూ పసివాడూ పామునోట సమానంగా పడతారు. నిర్ణయమున్న ఆటకు కూర్చోబెట్టి ఆ నిర్ణయాన్ని లాక్కోవటం ఎందుకు?

మా కోస్తాలో మైపాడు, కోడూరు వంటి చోట్ల ఒడ్డున నిలిచి అలివి వల లాగటం చూసినవారికి ఈ మాట మరింత బోధపడుతుంది. సముద్రం ఎవరికోసమూ తేలిక కాదు. వల ఒక్కటే, బరువు ఒక్కటే. కాని తాడు పట్టినవారంతా ఒకే బలం కలవారు కారు. నీటిలో దిగి లాగేవారు వేరు, తోకన నిలిచి తాడు చుట్టేవారు వేరు. ముసలివాడు చుట్టేది నిజమైన తాడు. అతడు వదిలేస్తే చిక్కు పడేదీ నిజమైన తాడే. ముసలివాడి కోసమని చిన్న వల వేయరు. అతడు చుట్టవలసిన తాడు మరొకరు చుట్టి, 'నువ్వు ఊరికే పట్టుకో' అనరు.

బోర్డు ఆటలలో ఈ మర్మం తెలిసినవి లేకపోలేదు. ఎరిక్ రాయస్ రచించిన 'స్పిరిట్ ఐలాండ్' 2017లో వచ్చింది. అందులో ఆటగాళ్ళు ద్వీపాన్ని కాపాడే దేవతాశక్తులు. ఒక్కొక్క శక్తికీ అది ఎంత చిక్కైనదో ఆటకర్తే నిర్ణయించి తెలియజేశాడు. కొత్తవారు తేలికైనదాన్ని, ఆరితేరినవారు జటిలమైనదాన్ని ఎన్నుకొని ఒకే బల్లవద్ద కూర్చోవచ్చు. శత్రువు బలాన్ని వేరుగా పెంచుకోవచ్చు. మనిషి కొలత వేరు, బల్ల కొలత వేరు. నేను కోరేది ఇదే.

నియమాల పుస్తకంలో లేకపోయినా ఇంట్లో మనం చేసుకోదగినవి కొన్ని మనవి చేస్తాను.

ఒకటి. ప్రతి వంతులోనూ అందరికన్న కొత్తవారి ఆలోచన ముందు వినాలి. నిపుణుడు అడిగితేనే మాట్లాడాలి. అందరికీ 4 మహమ్మారి కార్డులైతే, ఆయనకు ఆ మౌనమే అయిదవదీ ఆరవదీ.

రెండు. పాత్రలు పంచేటప్పుడు విచక్షణ చూపాలి. 'పాండెమిక్'లో వైద్యుడి పాత్ర సుబోధం. ఒక్క పనితో ఊళ్ళోని ఒక రోగాన్ని పూర్తిగా తుడిచివేస్తాడు. కొత్తవారికి అది ఇవ్వండి, వారు లేనిదే ఆట సాగదు. ఇతరుల పావులను కదిపే డిస్పాచర్ పాత్రను మాత్రం ఇంటి పెత్తందారుకు ఇవ్వకండి. ఆయనకు ఆ అధికారం పుట్టుకతోనే వచ్చింది.

మూడు. భాష. ఈ కొలతలలో దేనిలోనూ భాష లెక్కకు రాలేదు. కార్డు మీద నాలుగు వరుసల ఇంగ్లీషు ఉంటే, భారతం చదివి అర్థం చెప్పగల అమ్మమ్మ మరుక్షణం నిరక్షరాస్యురాలై మనుమరాలి నోటికేసి చూస్తుంది. ఇది ఆటలోని కష్టం కాదు, మనం చేసిన అన్యాయం. తెలుగులో చీటీలు వ్రాసి అంటించటానికి ఒక మధ్యాహ్నం చాలు. అక్షరాలు పెద్దవిగా వ్రాయండి.

నాలుగు. పై మూడూ చేసిన తరువాతనే బల్ల కష్టాన్ని పెంచండి. నిపుణుడు ఒక్కడే గెలిపించలేనంతగా పెంచండి. అప్పుడే పిల్ల నిర్ణయానికి విలువ వస్తుంది. ఆమె తప్పు నిర్ణయంవల్ల ద్వీపం మునిగితే మునగనివ్వండి. మళ్ళీ ఆడటానికి పెట్టె ఇంట్లోనే ఉంది.

'పిల్లల ఆటకు ఇంత రాద్ధాంతమా' అనేవారున్నారు. బడిలో అయిదుగురికి కలిపి ఒక ప్రాజెక్టు ఇస్తే ఒకరు చేసి అయిదు పేర్లు వ్రాయటం ఉపాధ్యాయులందరూ ఎరిగినదే. ఆ నలుగురికీ మార్కులు వచ్చాయి, చదువు రాలేదు. 1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలలో స్త్రీలకు మూడోవంతుకు తగ్గకుండా స్థానాలిచ్చింది. కుర్చీ భార్యది, మాట భర్తది అయిన ఊళ్ళు మనకు తెలియనివా? మనిషిని కూర్చోబెట్టి, నిర్ణయం మరొకరు తీసుకునే అలవాటు ఎక్కడో ఒకచోట నేర్చుకుంటాం. ఆ అలవాటు ఇంట్లో చాపమీద కూర్చున్నప్పుడే పట్టుబడితే, మాన్పటమూ అక్కడే సులువు.

కాబట్టి తల్లిదండ్రులకు, మేనమామలకు నా విన్నపం. ఈసారి పెట్టె తెరిచినప్పుడు ఎన్ని కార్డులు పెట్టాలన్నది తరువాత చూసుకోండి. ముందు చుట్టూ కూర్చున్నవారిని ఒక్కొక్కరినీ చూసి, 'ఈమెకు ఏది బరువు? అది దించితే నిర్ణయం ఈమె చేతిలోనే ఉంటుందా?' అని అడగండి. జవాబు దొరికిన తరువాతనే పావులు పంచండి.

స్వస్తి.