నేషనల్ హాకీ లీగ్ విస్తరణ

నేషనల్ హాకీ లీగ్ (ఎన్.హెచ్.ఎల్.) అమెరికా సంయుక్త రాష్ట్రములు, కెనడాలలో ఐస్ హాకీ పోటీలు నిర్వహించు వృత్తి క్రీడా సంఘము. ఇది 1917 నవంబరులో కెనడాలోని మాంట్రియల్ నగరములో ఏర్పడినది. మన దేశములో హాకీ అనగా మైదానములో బంతితో ఆడు ఆటయే. ఐస్ హాకీలో ఆటగాండ్రు మంచుగడ్డపై స్కేటింగ్ చేయుచు పక్ అను రబ్బరు బిళ్ళను కర్రతో కొట్టుదురు. 1942 నుండి 1967 వరకు ఆరు జట్లే ఉన్న ఈ లీగు 2021 నాటికి 32 జట్లకు పెరిగినది. ఈ పెరుగుదల హద్దు మీరినదా అను వాదము ఆ రెండు దేశములలో చాలాకాలముగా ఉన్నది.

విస్తరణ క్రమము

1967లో ఒకేసారి ఆరు జట్లు చేరగా సంఖ్య రెట్టింపైనది. అప్పుడు ఒక్కొక్క జట్టు ప్రవేశ రుసుము 20 లక్షల డాలర్లు. 1972లో వరల్డ్ హాకీ అసోసియేషన్ అను పోటీ లీగు ఆటలు ప్రారంభించుటతో, నగరములు దాని చేతికి పోకుండ ఎన్.హెచ్.ఎల్. తొందరపడి జట్లను మంజూరు చేసినది. లీగు నిజముగా హద్దు మీరినది అప్పుడే అనవచ్చును. 1974లో చేరిన వాషింగ్టన్ క్యాపిటల్స్ మొదటి సీజనులో 80 ఆటలకు గాను 8 మాత్రమే గెలిచినది. అదే ఏట చేరిన కాన్సాస్ సిటీ జట్టు రెండేళ్ళకే డెన్వరుకు, అక్కడినుండి 1982లో న్యూజెర్సీకి తరలిపోయినది. 1991-2000 మధ్య మరి తొమ్మిది జట్లు చేరినవి.

ఆట పలుచబడినదా?

జట్లు ఎక్కువైనచో మంచి ఆటగాండ్రు చాలరనునది విమర్శకుల మొదటి వాదన. ఇది 1970లలో చెల్లినది. ఆరు జట్ల కాలములో ఆటగాండ్రు దాదాపు అందరును కెనడియనులే. తరువాత స్వీడన్, ఫిన్లాండ్, రష్యా, చెక్ దేశముల వారు, అమెరికనులు పెద్దసంఖ్యలో వచ్చిరి. నేడు లీగులో కెనడియనులు సగముకంటె తక్కువ. విస్తరణయే కొత్త ఆటగాండ్రను పుట్టించుటయు కలదు. 2016లో ఆటగాళ్ళ ఎంపికలో ప్రథమ స్థానము పొందిన ఆస్టన్ మాథ్యూస్ ఎడారి రాష్ట్రమైన అరిజోనాలో పెరిగినవాడు.

ఎండ నగరములు

మంచు కురియని ఊళ్ళలో ఈ ఆట నిలువదను మాట తరచు వినబడును. కాని ఫ్లోరిడాలోని టాంపా బే జట్టు 2004, 2020, 2021లలోను, అదే రాష్ట్రపు ఫ్లోరిడా పాంథర్స్ 2024, 2025లలోను స్టాన్లీ కప్పు గెలిచినవి. అంతే వేడి నగరమైన ఫీనిక్సులో జట్టు 2009లో దివాలా తీసినది. అక్కడి అభిమానులలో ఎక్కువమంది నగరమునకు తూర్పున ఉండగా, క్రీడాశాల పశ్చిమమున గ్లెండేలులో కట్టబడినది. 2022లో ఆ చోటును కోల్పోయి, సుమారు 5,000 సీట్లు గల విశ్వవిద్యాలయ క్రీడాశాలలో ఆడవలసి వచ్చినది. 2023లో టెంపే పట్టణ ఓటర్లు కొత్త క్రీడాశాలను తిరస్కరించగా, మరుసటి ఏడాది ఆటగాండ్రు యూటా రాష్ట్రమునకు తరలిరి. అట్లాంటాలో యజమానులు తమలో తాము ఏళ్ళ తరబడి కోర్టులలో పోరాడుకొనిరి. ఆ జట్టు 2011లో విన్నిపెగ్‌కు పోయినది. ఈ రెండు చోట్లను చూడగా దోషము ఎండది కాదని తేలుచున్నది.

రుసుము, కెనడా ఫిర్యాదు

ప్రవేశ రుసుము 2017లో చేరిన లాస్ వేగాస్ జట్టుకు 50 కోట్ల డాలర్లు, 2021లో చేరిన సియాటిల్‌కు 65 కోట్లు. ఈ సొమ్మును పాత యజమానులు పంచుకొందురు. ఆటగాండ్ర వాటా లెక్కించు ఆదాయములో ఇది చేరదు. కావున మరొక జట్టు కావలెనా అని తీర్పు చెప్పువారే దానివలన లాభపడువారు. అసలు చిక్కు ఇదే.

32 జట్లలో కెనడావి ఏడే. 1993లో మాంట్రియల్ తరువాత 2025 వరకు ఏ కెనడా జట్టును కప్పు గెలువలేదు. క్యూబెక్ నగరపు జట్టు 1995లో డెన్వరుకు తరలినది. లీగు తిరిగి వచ్చునను ఆశతో అక్కడ కట్టిన పెద్ద క్రీడాశాల 2015లో తెరువబడినది. 2016లో కొత్త జట్టు లాస్ వేగాసుకు మంజూరైనది, క్యూబెక్ దరఖాస్తు వాయిదా పడినది.