పాయసము, ఔషధము

నరసరావుపేట చెంతనున్న కోటప్పకొండకు సంతానార్థులై వచ్చే స్త్రీలలో పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్ (పీసీఓఎస్) ఉన్నవారూ ఉంటారు. హార్మోనుల వైషమ్యము వలన అండము పక్వమై విడుదల కావడం క్రమము తప్పుతుంది, వ్యాధి అంతే. అయినా ఇంట వినవచ్చే మాట ‘పూర్వజన్మ పాపం’. వైద్యులు లెట్రోజోల్ వ్రాస్తే, త్రికోటేశ్వరునిపై నమ్మకం లేదా అనే ఆక్షేపణ.

ఈ ఆక్షేపణయే శాస్త్రవిరుద్ధము. చరకసంహిత చికిత్సను దైవవ్యపాశ్రయము, యుక్తివ్యపాశ్రయము, సత్త్వావజయము అని త్రివిధముగా చెప్పింది. మ్రొక్కు మొదటిది, మాత్ర రెండవది. ఒకటి మరొకదానికి అడ్డు కాదు. దశరథుని పుత్రకామేష్టిలో దైవానుగ్రహము పాయసరూపమున వచ్చింది, రాణులు దానిని సేవించిరి. వారిలో ఎవ్వరినీ వాల్మీకి దోషిగా నిలుపలేదు. దీక్ష వహించినవాడు భర్త. (నేటి భర్తలలో కొందరు వీర్యపరీక్షకే సిగ్గుపడతారు!)

అయితే ఔషధమూ అమృతము కాదు. 2014లో ప్రచురితమైన అమెరికా పరిశోధనలో 750 మంది పీసీఓఎస్ స్త్రీలు పాల్గొన్నారు. అయిదు ఋతుచక్రముల వరకు సాగిన చికిత్సలో లెట్రోజోల్ వాడినవారిలో 27.5 శాతం, క్లోమిఫెన్ వాడినవారిలో 19.1 శాతం శిశువును కన్నారు. తక్కినవారందరూ పాపులా? కర్మయందే అధికారము, ఫలమునందు లేదన్న గీతార్థము ఈ స్త్రీకి అన్వయించినంతగా మరెవరికి అన్వయిస్తుంది? మాత్ర వేసుకొనుట ఆమె వంతు. మళ్ళీ నెలసరి వచ్చిన ఉదయమున, మాచర్లలోనైనా గురజాలలోనైనా, అత్తగారు “మళ్ళీ స్కానింగు ఎప్పుడమ్మా, నేనూ వస్తాను” అనగలిగితే చాలు.