బిల్లు లేని పగడం

మా ఇల్లు గుడిమల్కాపూర్‌లో, పూల మార్కెట్‌కి నడిచి వెళ్ళేంత దూరం. తెల్లారకముందే బంతి, చామంతి బస్తాలు దిగే చోటు. ఇక్కణ్ణుంచి దగ్గర్లో ఉన్న సముద్రానికి వెళ్ళాలన్నా దాదాపు మూడొందల కిలోమీటర్లు పోవాలి. అలాంటి చోట మా హాల్లో 200 లీటర్ల సముద్రం పెట్టుకుని కూర్చున్నాను నేను. మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో నేర్చుకున్న సంగతులు కొన్ని చెప్పాలనిపించింది. మొదటి మూడూ ఏ పుస్తకం చదివినా దొరుకుతాయి. నాలుగోది మాత్రం కాస్త సిగ్గుపడుతూ చెప్పాల్సింది. నిజానికి దాని కోసమే ఇదంతా రాస్తున్నాను.

ముందు లెక్కలు చెబుతా. సముద్రపు నీళ్ళలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. 200 లీటర్లకి ఏడు కిలోలు. వంటింట్లో ఉప్పు పనికిరాదు. కాల్షియం, మెగ్నీషియం వగైరాలు సరైన పాళ్ళలో ఉన్న మెరైన్ సాల్ట్ కొనాలి. దాన్ని కలపడానికి ఆర్వో నీళ్ళు కావాలి. మా బోరు నీళ్ళు పోస్తే నాచు పండగ చేసుకుంటుంది. మొదటి బకెట్ కలుపుతుంటే మా అమ్మ చూసి, "ఏందిరా ఇది, నీళ్ళల్ల ఉప్పు తీయనీకి ఒక మిషను, మళ్ళ ఉప్పు కలపనీకి ఒక డబ్బానా?" అంది. నా ఆర్కిటెక్చర్‌ని ఇంత సూటిగా ఇంతవరకూ ఎవరూ రివ్యూ చెయ్యలేదు :)

మొదటి పాఠం: ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు కాదు. ఎండాకాలంలో రోజుకి మూడు లీటర్ల దాకా ఆవిరైపోయేది. నేను తెలివిగా, తగ్గినంతా ఉప్పునీళ్ళతోనే నింపేవాణ్ణి. సముద్రానికి సముద్రమే కదా పొయ్యాలి అని. వారం తిరిగేసరికి 35 ఉండాల్సింది 38 దాటింది. చేపలు మూలకి చేరి రొప్పుతున్నాయి. ఇంటర్మీడియట్‌లో కెమిస్ట్రీకి వచ్చిన మార్కులు గుర్తొచ్చి నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. ఆవిరైన దానికి బదులు మంచినీళ్ళే పొయ్యాలి. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి ఇంజనీరింగ్ డిగ్రీ చాలలేదు.

రెండో పాఠం: బాక్టీరియాకి డెడ్‌లైన్లు తెలియవు. చేప విసర్జించే అమ్మోనియా విషం. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది, అది చాలావరకు ఫర్వాలేదు. ఈ రెండు రకాలూ రాళ్ళ మీదా ఇసకలోనూ స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అన్నాళ్ళూ ఖాళీ తొట్టిని చూస్తూ కూర్చోవాలి. శుక్రవారం సాయంత్రం రిలీజు పెట్టి శనివారం ఫోనులో సర్దుకునే అలవాటు ఉన్నవాళ్ళకి ఇది నరకం. నేను ఆరు వారాలు ఆగాను. నా జీవితంలో ఓపికగా చేసిన మొదటి పని అదే.

మూడో పాఠం ఖరీదైంది. ఒక మే నెల రాత్రి గాలివాన వచ్చి కరెంటు పోయింది. మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. దానికి ఏం తగిలించానంటే వైఫై రూటరు, లాప్‌టాపు, ఒక ఫ్యాను. ఆఫీసు కాల్ మధ్యలో తెగకూడదు కదా! తొట్టి పంపు మాత్రం మామూలు లైను మీద ఉంది. ఉప్పునీళ్ళలో కరిగే ఆక్సిజన్, అదే వేడి దగ్గర మంచినీళ్ళలో కన్నా సుమారు ఐదో వంతు తక్కువ. నీళ్ళు వేడెక్కేకొద్దీ ఇంకా తగ్గుతుంది. నీళ్ళు కదలకపోతే చేపకి ఊపిరి లేదు. తెల్లారి లేచేసరికి మూడు ఆకుపచ్చ క్రోమిస్ చేపలు తేలాయి. క్లౌన్ చేపల జంట బతికింది. ఆ రాత్రి నా కాల్ మాత్రం తెగలేదు. కొన్ని వందల రూపాయలు పెడితే బ్యాటరీ మీద నడిచే గాలి పంపు వస్తుంది. అది ముందే కొని ఉండొచ్చు. దేన్ని ఇన్వర్టర్ మీద పెడతామో చూస్తే మనకి ఏది ముఖ్యమో తెలిసిపోతుంది.

ఇక నాలుగోది.

ఈ సరదాలో ఉన్నవాళ్ళకి అసలు మోజు చేపల మీద కాదు, పగడాల మీద. తెలుగులో పగడం అనగానే మనకి ఉంగరమూ, కుజదోషమూ గుర్తొస్తాయి. చార్మినార్ దగ్గర ముత్యాల పక్కన పెట్టి అమ్మే ఎర్ర పూస. నేను చెప్పేది ఆ పగడం కాదు. పగడపు దిబ్బలు కట్టే జీవి. ఒక్కో ముక్కలో వందల చిన్న జీవులు, వాటి ఒంట్లో ఇంకా చిన్న ఆల్గే. వెలుతురు పడితే ఆ ఆల్గే తిండి తయారుచేసి ఇస్తుంది, పగడం దానికి చోటిస్తుంది. నీలం లైటు కింద చూస్తే కళ్ళు తిప్పుకోలేం.

తొట్టికి ఏడాది నిండగానే నాకూ ఒకటి కావాలనిపించింది. ఒక షాపుకి వెళ్ళాను. పేరు అనవసరం. చేపలన్నీ ముందు గదిలో ఉన్నాయి, పగడాలు వెనక గదిలో ఉన్నాయి. అప్పుడే అర్థం కావాలి నాకు. ఆకుపచ్చ కొసలున్న ఒక ముక్క నచ్చింది. బిల్లు ఇవ్వమన్నాను. అతను నవ్వి, "దీనికి బిల్లు ఉండదు సార్, కావాలంటే లైటుకి ఇస్తా" అన్నాడు. నేనూ నవ్వాను. డబ్బులిచ్చి, కవరు పట్టుకుని ఇంటికొచ్చాను.

పందొమ్మిది రోజులు బతికింది. మొదట కొసలు ముడుచుకున్నాయి, తరవాత రంగు పోయింది, చివరికి కండ ఊడి తెల్లటి ఎముక మిగిలింది. ఏం తప్పు చేశానా అని వెతుకుతూ కూర్చుంటే, నీళ్ళ సంగతి కన్నా ముందు చట్టం సంగతి తెలిసింది. దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నిటినీ 2001లోనే మన దేశం వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోని మొదటి షెడ్యూల్‌లో పెట్టింది. అంటే పులి ఉన్న జాబితాలో! సముద్రపు గుర్రాలూ అప్పుడే అందులో చేరాయి. తొట్లలో అలంకారానికి పెట్టే చచ్చిన తెల్ల పగడాన్ని అమ్మడం కూడా నేరమే. 2022లో చట్టాన్ని సవరించాక శిక్ష మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ జైలు, కనీసం పాతిక వేల జరిమానా. నా దగ్గర పులి పిల్లని ఎవరైనా వెనక గదిలో పెట్టి అమ్మజూపితే కొనేవాణ్ణా? కొనను. మరి ఇదెందుకు కొన్నాను? అది అరవదు కాబట్టి.

తెలియక చేశానని చెప్పుకోవచ్చు. కానీ బిల్లు ఉండదు అన్నప్పుడే సగం తెలుసు నాకు. తెలుసుకోవడం ఇష్టం లేక నవ్వేశాను. అదీ అసలు విషయం.

దీని మీద నా స్నేహితులతో చాలా వాదనలయ్యాయి. వాళ్ళు చెప్పేవి మూడు.

ఒకటి, "ఎలాగూ సముద్రం వేడెక్కి పగడాలు చచ్చిపోతున్నాయి, మన తొట్టిలో నాలుగు బతికితే మంచిదే కదా?" మొదటి సగం నిజమే. మామూలు వేసవి వేడి కన్నా ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు నిలిచినా పగడం తన ఆల్గేని బయటికి నెట్టేసి తెల్లబడుతుంది. నాలుగోసారి ప్రపంచమంతటా ఇలా జరుగుతోందని 2024 ఏప్రిల్‌లో అమెరికా సంస్థ నోవా ప్రకటించింది. ఆ ఏడాది మన లక్షద్వీప్ పగడాలు కూడా దెబ్బతిన్నాయి. కానీ రెండో సగం అబద్ధం. కరెంటు పోతే చేపలకి గాలి అందించలేని నేను పగడాల జాతిని కాపాడతానా? ఇల్లు కాలుతోందని సామాను ఎత్తుకుపోయేవాణ్ణి ఫైరింజన్ వాడు అనం.

రెండు, "వేరే దేశాల్లో అందరూ పెంచుతున్నారు." నిజమే, అక్కడ తొట్లలోనే ముక్కలు చేసి పెంచి అమ్ముతారు. అలా పెంచినవే అయినా గట్టి పగడాలు సైటీస్ అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉన్నాయి. దేశం దాటాలంటే అనుమతి కాగితాలు ఉండాలి. మన దగ్గర కూడా ఆ జాబితాలోని ప్రాణులు ఇంట్లో ఉంటే ప్రభుత్వానికి తెలిపి నమోదు చేయించుకోవాలని 2024లో నియమాలొచ్చాయి. కాగితాలున్నది వేరు, వెనక గదిలోది వేరు. అది మన్నార్ సింధుశాఖ నుంచి వచ్చిందో, అండమాన్ నుంచి వచ్చిందో అమ్మేవాడు చెప్పడు, మనం అడగం.

మూడోది నేనూ ఒప్పుకుంటాను. "ప్రభుత్వం నిషేధించడమే తప్ప దారి చూపించదు." 2017లో అక్వేరియం షాపుల మీద తెచ్చిన నియమాల్లో 158 రకాల చేపల్ని నిషేధించారు, అందులో క్లౌన్ చేప కూడా ఉంది. విమర్శలొచ్చాక ఆ నియమాల్ని వెనక్కి తీసుకున్నారు. విచిత్రం ఏంటంటే, ఆ క్లౌన్ చేపల్ని హాచరీల్లో గుడ్డు నుంచి పెంచడం అప్పటికే మన సీఎంఎఫ్ఆర్ఐ శాస్త్రవేత్తలు చేసి చూపించారు. లక్షద్వీప్‌లోని అగత్తి దీవిలో ఇంకో కేంద్ర సంస్థ అక్కడి ఆడవాళ్ళకి ఈ పని నేర్పించింది కూడా. సముద్రంలోంచి పట్టినదానికీ, తొట్టిలో పుట్టినదానికీ తేడా చూడని నియమం వల్ల నష్టపోయేది పద్ధతిగా పెంచేవాడే. వెనక గది వాడికి ఏ నియమమైనా ఒకటే.

మా పేట మార్కెట్టునే చూడండి. పొద్దున్న వచ్చిన బంతిపూలు సాయంత్రానికి కుప్పగా పడేస్తారు. చూస్తే మనసు చివుక్కుమంటుంది కానీ అది తప్పనిపించదు. ఎందుకంటే ఎవరో రైతు విత్తి, నీళ్ళు పెట్టి, కోసి తెచ్చాడు. రేపు మళ్ళీ పూస్తాయి. ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లు పెరిగే పగడాన్ని దిబ్బ మీంచి విరిచి తేవడం పువ్వు కొయ్యడం కాదు, చెట్టు పీకడం. పెంచినదైతే కొందాం, పీకినదైతే వద్దు. నాకు తోచిన న్యాయం ఇంతే.

అందుకే ఇప్పుడు నా తొట్టిలో పగడం లేదు. హాచరీలో పుట్టిన క్లౌన్ జంట ఉంది, బిల్లుతో సహా. క్లౌన్ చేపలు అన్నీ మగవిగానే పుడతాయి, జంటలో పెద్దది ఆడదవుతుంది. ఉండటానికి వాటికి సీ అనిమోన్ కూడా అక్కర్లేదు. మా అమ్మ అంగట్లోంచి తెచ్చిన చిన్న మట్టి కుండని పడుకోబెట్టి పెట్టాను. ఒక రోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆ కుండ లోపలి గోడ మీద నారింజ రంగు గుడ్లు, మగచేప రెక్కలతో వాటికి విసురుతోంది. మొదటి రెండుసార్లు పొదిగిన పిల్లలు ఒక్కటీ మిగల్లేదు. వాటి నోట్లో పట్టేంత చిన్న తిండి, రోటిఫర్లు, ముందే పెంచి ఉంచుకోవాలని నాకు తెలియదు. మూడోసారి ఆరు బతికాయి.

అందులో రెండింటిని మొన్న మా ఆఫీసులో ఒకతనికి ఇచ్చాను. బిల్లేదీ అని నవ్వుతూ అడిగాడు. తెల్ల కాగితం మీద తేదీ వేసి, "పుట్టిన ఊరు: గుడిమల్కాపూర్" అని రాసి సంతకం పెట్టి ఇచ్చాను. అతను దాన్ని నిజంగానే మడిచి పర్సులో పెట్టుకున్నాడు.